ఇరవై మూడో కోడిపుంజు

కొత్త సంవత్సరం రోజు బెర్నీ మెక్‌గ్లించీ ఎన్నింటికి ఏం చేయాలో రాసిన కాగితం ఫ్రిజ్ తలుపు మీద అతికించి ఉంది. ఆరింటికి క్లబ్బులో మొహానికి రంగు. ఏడింటికి రెండు ముక్కల స్క్రాపుల్ అనే పంది మాంసపు వేపుడు, ఒక గుడ్డు. ఎనిమిదింటికి బస్సు. పదకొండున్నరకు సిటీ హాలు ముందు, న్యాయనిర్ణేతల ఎదుట నాలుగున్నర నిమిషాల ఆట. ఆ తర్వాత చీకటి పడేదాకా రెండో వీధిలో గంతులు. ఈ కాగితం ఆయన ఏటా రాస్తాడు, ఏటా ఇదే రాస్తాడు. ఈసారి మాత్రం అడుగున "మొదటి వరుస" అని కొత్తగా చేర్చి, దాని కింద రెండు గీతలు గీశాడు.

ఆ గీతలకు కారణముంది. ఏటా కొత్త సంవత్సరం రోజు ఆ ఊళ్ళో బ్యాండులు రకరకాల వేషాలు వేసుకుని పోటీపడే కవాతు జరుగుతుంది. డోవర్ వీధి స్ట్రింగ్ బ్యాండులో నలభై కొత్త సంవత్సరాలు కవాతు చేసినవాణ్ణి, నలభయ్యో ఏట మొదటి వరుసలో, కెప్టెన్ వెనకాలే నడిపించడం ఆనవాయితీ. ముప్ఫై తొమ్మిదేళ్ళు బెర్నీ నాలుగో వరుసలో బాంజో వాయించాడు. అక్కణ్ణించి చూస్తే కనిపించేది ముందువాడి వీపు మీది ఈకలు. దక్షిణ ఫిలడెల్ఫియాలో పుట్టి పెరిగి, ముప్ఫై నాలుగేళ్ళు అదే ఊళ్ళో ఉత్తరాలు పంచిన మనిషి, కవాతు రోజున సిటీ హాలు ఎలా ఉంటుందో ఒక్కసారీ చూడలేదు. ఈ ఏడు చూడాలి. ఆయనకు ఇంకే కోరికా లేదు.

"సూప్ ఫ్లాస్కులో పోశాను. నీ ఒక్కడికే సరిపోతుంది. దారిలో కనబడ్డవాడికల్లా పొయ్యకు" అంది ఆయన భార్య డొలోరెస్.

"నేనెవరికి పోస్తాను?"

"నువ్వా? వాన పడితే మొక్కలకి కూడా గొడుగు పడతావు. నేను మడత కుర్చీ తీసుకుని పదింటికల్లా బ్రాడ్ స్ట్రీట్ మూల మీదుంటా. మొదటి వరుసలో వస్తూ నావైపు చూడాలి. చూడకపోతే రాత్రికి భోజనం లేదు."

బెర్నీ జేబులో ఫ్లాస్కుతో పాటు ఒక నోటు పుస్తకం, ఒక ఈల కూడా ఉన్నాయి. అవి క్రమశిక్షణ సంఘం అధ్యక్షుడివి. ఆ పదవి ఆయనకు ఎలా వచ్చిందో చెప్పాలి. పోయినేడు బ్యాండు వాళ్ళది సముద్రపు దొంగల వేషం. అందులో ఒక దొంగ, వేషానికి న్యాయం చేస్తున్నాననుకుని, టీవీ కెమెరాల ముందు పోలీసు గుర్రం ఎక్కబోయాడు. పాయింట్లు కోసేశారు. బ్యాండు పన్నెండో స్థానానికి జారింది. ఇక మీదట ప్రతి క్లబ్బుకూ ఒక క్రమశిక్షణ సంఘం ఉండి తీరాలని పోటీలు నడిపే అసోసియేషన్ తాఖీదు పంపింది. అధ్యక్షుణ్ణి ఎన్నుకునే సమయానికి బెర్నీ అందరి కోసం ప్రెట్జెల్ రొట్టెలు తేవడానికి వెళ్ళాడు. సభలో లేనివాణ్ణి ఎన్నుకోవడం క్లబ్బుల్లో చాలా పాత పద్ధతి.

వద్దంటే విన్నవాళ్ళు లేరు కాబట్టి, బెర్నీ ఒప్పుకున్నాక ఆ పని ఉత్తరాలు పంచినంత శ్రద్ధగా చేశాడు. పదకొండు నిబంధనలు రాశాడు. పదకొండోది ఇది: "తప్పు చేసినవాడు ఆ రోజు నడవడు. కెప్టెనైనా, జెండా మోసేవాడైనా శిక్ష ఒకటే." దీన్ని క్లబ్బు ఏకగ్రీవంగా ఆమోదించింది. చెయ్యెత్తేటప్పుడు ప్రతివాడికీ పక్కవాడే గుర్తొచ్చాడు.

ఈ ఏడు వేషం కోడిపుంజులు. నెత్తిన ఎర్ర జుట్టు, నుదుటి మీద పసుపు ముక్కు, భుజాలకు కట్టిన చట్రం మీద నిలువెత్తు తోక. మొహమంతా తెలుపు, ఎరుపు రంగులు. అలాంటివాళ్ళు అరవై నలుగురు. కన్నతల్లి వచ్చినా పోల్చుకోలేదు. ఆ అరవై నాలుగు పుంజులూ బస్సులు దిగి సిటీ హాలు పక్క సందులో, తమ వంతు కోసం చలిలో నిలబడ్డాయి.

ఎనిమిదిన్నరకు బెర్నీ కాళ్ళు సాగదీయడానికి సందు చివరిదాకా నడిచాడు. బ్యాంకు మెట్ల మీద బూడిదరంగు కోటు వేసుకున్న ఒక పెద్దావిడ కూర్చుని, చేతులు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంటోంది. గ్లౌజులు ఎక్కడో మరిచిపోయినట్టుంది.

"ఇంత పొద్దున్నే వచ్చేశారేంటండీ? చలికి బిగుసుకుపోతారు" అన్నాడు బెర్నీ.

"అందర్నీ మొదట్నుంచీ చూద్దామని. ఒహాయో నుంచి వచ్చాను" అందావిడ.

"అంత దూరమా! ఉండండి." బెర్నీ ఫ్లాస్కు మూత తీసి, మిరియాల ఘాటు గుప్పుమంటున్న సూప్ మూత నిండా పోశాడు. ఆవిడ వద్దు వద్దంటూనే తాగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది కృతజ్ఞత కాదు, మిరియాలు. అయినా రెండో మూత కూడా తాగింది.

"పదకొండున్నరకి మేమొస్తాం, డోవర్ వీధి వాళ్ళం. మాకు కాస్త గట్టిగా కొట్టండి చప్పట్లు. ఇదిగో, ఇంకొంచెం తాగండి. చేతులు వెచ్చబడితే చప్పట్లు బాగా మోగుతాయి."

ఆవిడ నవ్వింది. "మాట మాత్రం ఇవ్వలేనండీ."

"నిజాయితీ గల మనిషి" అనుకుని బెర్నీ ఖాళీ ఫ్లాస్కుతో వెనక్కి వచ్చేశాడు.

ఆవిడ పేరు మిసెస్ హాస్కిన్స్. ఆ రోజు పోటీకి మార్కులు వేయడానికి వచ్చిన ఐదుగురు న్యాయనిర్ణేతల్లో ఒకరు. కుర్చీలో కూర్చునేదాకా తామెవరో చెప్పకూడదని వాళ్ళకు నిబంధన ఉంది, ఆవిడ చెప్పలేదు. బెర్నీ దృష్టిలో న్యాయనిర్ణేత అంటే టై కట్టుకుని, చిరాగ్గా మొహం పెట్టుకున్న మగవాడు. గ్లౌజులు మరిచిపోయే ముసలావిడ న్యాయనిర్ణేత ఎలా అవుతుంది? కానీ అవతలి పేవ్‌మెంటు మీద వేరే బ్యాండు మనిషి ఒకడు నిలబడి ఉన్నాడు. వాడికి ఆవిడ మొహం తెలుసు. కోడిపుంజు మొహం తెలియదు, అంతే తేడా.

తొమ్మిదిన్నరకు చేతికి పసుపు పట్టీ కట్టుకుని, చంకలో అట్ట పట్టుకుని మార్షల్ లొరెయిన్ వచ్చింది. కవాతులో ఏ తగవు వచ్చినా తీర్చేది ఆవిడే.

"మీ క్రమశిక్షణ ఎవరు?"

బెర్నీ ముందుకొచ్చి నిటారుగా నిలబడ్డాడు.

"మీ కోళ్ళలో ఒకడు న్యాయనిర్ణేతతో మాట కలిపాడట. చేతిలో ఏదో పెట్టాడట. చూసినవాళ్ళున్నారు. పదిన్నరకల్లా నాకు పేరు కావాలి. పేరు రాకపోతే ఫిర్యాదు మీ బ్యాండు మొత్తం మీద రాస్తాను. తర్వాత మీరు నడిచేదీ లేనిదీ నా చేతుల్లో ఉండదు" అని చెప్పి వెళ్ళిపోయింది.

చేతిలో ఏదో పెట్టాడంటే పోస్ట్‌మన్ బుర్రకు తోచేది ఒక్కటే: కవరు. లంచం! డోవర్ వీధి బ్యాండులో! పోయినేడు గుర్రం ఎక్కబోయినవాడు వీడికంటే ఎంత మర్యాదస్థుడు! బెర్నీ కెప్టెన్ పలుంబో దగ్గరికి పరిగెత్తాడు. పలుంబో భారీ మనిషి. ఆయన తోక మిగతావాళ్ళ తోకల కంటే మూడడుగులు ఎత్తు.

"కెప్టెన్, మన వాళ్ళలో ఒకడు న్యాయనిర్ణేత చేతిలో కవరు పెట్టాడు."

"కవరా? ఎవడు వాడు?"

"తెలీదు. కనుక్కుంటాను."

"అరవై నలుగురిలో ఎలా కనుక్కుంటావయ్యా? అందరిదీ ఒకటే మొహం!"

బెర్నీ ఈల ఊదాడు. పుంజులన్నీ పేవ్‌మెంటు పక్కన వరుస కట్టాయి. ఎవడు చేశాడని అడిగితే ఎవడూ చెప్పడని ఆయనకు తెలుసు. అందుకని ఉత్తరాలు పంచే రోజుల్లో కరిచే కుక్కల వీధుల్లో నేర్చుకున్న ఎత్తు ఒకటి వేశాడు. భయపడ్డట్టు కనిపించకూడదు, అన్నీ తెలిసినట్టు నడవాలి.

"తప్పు జరిగింది. ఎవరు చేశారో నాకు తెలుసు. చేసినవాడికీ తెలుసు. వాడంతట వాడే వచ్చి ఒప్పుకుంటే మర్యాద దక్కుతుంది. లేకపోతే నేనే చెయ్యి పట్టుకుని బయటికి లాగుతాను. ఐదు నిమిషాలు టైమిస్తున్నా" అన్నాడు గంభీరంగా.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. ఆ సామెతలో దొంగ ఒక్కడే. ఇక్కడ వరుసంతా భుజాలు తడుముకోవడం మొదలైంది.

మొదట వచ్చినవాడు కార్మైన్ ఫ్యూస్కో. సాక్సఫోన్ వాయిస్తాడు. కూసే పుంజులా కాకుండా, కూర కాబోయే పుంజులా తల వేలాడేసుకుని వచ్చాడు.

"సరే బెర్నీ, దొరికిపోయాను. బ్రాందీ సాక్సఫోన్ గొట్టంలో దాచానని నీకెవరు చెప్పారు?"

బెర్నీ అడిగింది అది కాదు. కానీ నాలుగో నిబంధన ప్రకారం వేషంలో ఉండగా తాగకూడదు. న్యాయం న్యాయమే. నోటు పుస్తకం తీసి పేరు రాసుకున్నాడు. "నువ్వివాళ నడవవు."

"నేనొక్కణ్ణేనా? ఇదెక్కడి న్యాయం! ఆ సీసా మా వరుసంతా తిరిగింది. ఆఖరి చుక్క తాగింది నేను కూడా కాదు."

శిక్ష అందరికీ సమానంగా ఉండాలని రాసింది బెర్నీయే. సాక్సఫోన్ వరుస మొత్తం, ఏడుగురు, అవుట్.

ఇంతలో టెడ్డీ వొయిచిక్ వచ్చాడు. అకార్డియన్ గుండెకు హత్తుకుని ఏడుపు మొహం పెట్టాడు. "నాకు వాయించడం రాదు బెర్నీ."

"ఏంటీ?"

"ఊరికే తిత్తి లాగుతాను, నొక్కుతాను. వేళ్ళు మెట్ల మీద ఆడిస్తాను గానీ నొక్కను. పక్కన ఐదుగురు వాయిస్తారు కదా, ఎవరికీ తెలీదు."

"ఎన్నేళ్ళుగా?"

"మూడు." వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "మొదటి ఏడు కూడా కలిపితే నాలుగు."

ఆరో నిబంధన, పాట నేర్చుకోకుండా వరుసలో నిలబడడం. టెడ్డీ పేరు రాయగానే, ఆ మిగిలిన ఐదుగురు అకార్డియన్లలో ముగ్గురు ఒకరి మొహాలొకరు చూసుకుని మెల్లిగా ముందుకొచ్చారు. ఇన్నాళ్ళూ వాళ్ళూ పక్కవాళ్ళు వాయిస్తున్నారనే ధైర్యంతోనే ఉన్నారట. డోవర్ వీధి అకార్డియన్ల మోత ఎందుకంత మృదువుగా ఉంటుందో బెర్నీకి ఆ పూట తెలిసింది.

తర్వాత వచ్చిన పుంజును బెర్నీ పేరడిగాడు.

"గస్ హెన్నెసీ" అంది పుంజు.

"గస్ గొంతు ఇలా ఉండదే!"

పుంజు గొంతు తగ్గించింది. "నేను గస్ బావమరిదినండీ. న్యూజెర్సీలో పళ్ళ డాక్టర్ని. గస్‌కి నడుం పట్టేసింది. నువ్వెళ్ళి నిలబడు, మొహానికి రంగుంటుంది, ఎవడికీ తెలీదన్నాడు. రెండు నెలలుగా గ్యారేజీలో అడుగులు నేర్పించాడు."

సభ్యుడు కానివాడు నడవకూడదనేది తొమ్మిదో నిబంధన. పళ్ళ డాక్టరు తోక ఊపుకుంటూ ఇంటిదారి పట్టాడు. ఎలుక కోసం తవ్వుతుంటే కొండ బయటపడుతోంది. డ్రమ్ములవాళ్ళు నలుగురు పోయినేటి దొంగల టోపీలు క్లబ్బుకు తిరిగివ్వలేదని ఒప్పుకున్నారు. బాంజోలవాళ్ళు ఐదుగురు రిహార్సల్‌కు వస్తున్నామని ఇంట్లో చెప్పి బౌలింగ్ ఆటకు వెళ్ళామన్నారు. కవరు సంగతి మాత్రం ఒక్కడూ ఎత్తలేదు.

చివరికి కెప్టెన్ పలుంబో బెర్నీని చెయ్యి పట్టుకుని బస్సు చాటుకు తీసుకెళ్ళాడు.

"ఇంక దాచలేను బెర్నీ. నువ్వు నావైపు అలా చూస్తుంటే తట్టుకోలేకపోతున్నాను. చెప్పింది నేనే."

"ఏం చెప్పారు?"

"కోడిపుంజుల వేషమని. అక్టోబర్లోనే మా మంగలికి చెప్పేశాను. కత్తి గొంతు మీదుంది, ఈ ఏడు ఏం వేషమన్నాడు. నోరు జారింది."

వేషం రహస్యాన్ని కొత్త సంవత్సరం లోగా బయటపెట్టడమంటే ఈ వీధుల్లో కన్నబిడ్డను అమ్ముకోవడంతో సమానం. బెర్నీ రెండో నిబంధన అదే. ఆ పేరు రాయడానికి ఆయనకు చెయ్యి రాలేదు. కానీ "కెప్టెనైనా" అని రాసిన చెయ్యి కూడా అదే. రాశాడు. పలుంబో బస్సెక్కి, బూట్లు విప్పేసి కూర్చున్నాడు.

పదిన్నరకు లెక్క చూస్తే ఇరవై ఇద్దరు అవుట్. సాక్సఫోన్లు లేవు. అకార్డియన్లు రెండే మిగిలాయి. కెప్టెన్ లేడు. కెప్టెన్ లేకపోతే కెప్టెన్ వెనకాల నడిచే మొదటి వరుసా లేదు. బెర్నీ నోటు పుస్తకం పట్టుకుని మార్షల్ లొరెయిన్ దగ్గరికి ఈడ్చుకుంటూ వెళ్ళాడు.

"మేడమ్, ఇరవై ఇద్దరు దొరికారు. కానీ మీరడిగినవాడు వాళ్ళలో లేడు."

లొరెయిన్ నోరు తెరిచింది. "నేనడిగింది ఒక్కణ్ణి కదయ్యా!"

"వెతుకుతుంటే దొరికారండీ. ఏం చెయ్యను? ఇంతకీ ఆ కవరు ఎంత పెద్దదో చెబితే..."

"కవరెవరన్నారు?" లొరెయిన్ అట్ట మీద కాగితం తిప్పింది. "ఎనిమిదిన్నరకి, బ్యాంకు మెట్ల మీద. కోడిపుంజు వేషంలో ఉన్న మనిషి, బూడిదరంగు కోటు వేసుకున్న న్యాయనిర్ణేతకి ఫ్లాస్కులోంచి ఏదో పోసి చేతికిచ్చాడు. తన బ్యాండుకి గట్టిగా చప్పట్లు కొట్టమన్నాడు."

వీధిలో ఇరవై రకాల వాద్యాలు మోగుతున్నాయి. బెర్నీకి ఏదీ వినబడలేదు. ఆయన చెయ్యి తనంతట తానే జేబులోకి వెళ్ళి ఫ్లాస్కును తడిమి చూసుకుంది.

"మూడో నిబంధన" అన్నాడు. "పోటీకి ముందు న్యాయనిర్ణేతతో మాట్లాడకూడదు. తెలిసి మాట్లాడినా, తెలియక మాట్లాడినా. ఆ రెండో మాట నేనే చేర్చాను."

"ఎవరో తెలిసిందా అయితే?"

"తెలిసింది. రాసుకోండి. బెర్నార్డ్ మెక్‌గ్లించీ."

"ఆయనెక్కడ?"

"నేనేనండీ."

ఇరవై మూడో పేరు తన పుస్తకంలో తానే రాసుకుని, చట్రం పట్టీలు విప్పి తోకను చంకలో పెట్టుకుని, బెర్నీ బ్రాడ్ స్ట్రీట్ మూలకు నడిచాడు. జనం దారి ఇచ్చారు. తోక ఊడిన పుంజును చూస్తే ఎవరికైనా జాలేస్తుంది.

డొలోరెస్ మడత కుర్చీలో దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. "ఇప్పుడే ఎందుకొచ్చావు? చట్రం విరిగిందా?"

"నన్ను తీసేశారు."

"ఎవరు?"

"నేనే."

జరిగిందంతా చెప్పాడు. చెబుతూ చెబుతూ చివరికి ఏడ్చేశాడు. మొహం మీది ఎరుపు, తెలుపు కలిసి గులాబీరంగులో గడ్డం దాకా కారాయి. "పోనీలే, ముప్ఫై తొమ్మిది కూడా చిన్న అంకె కాదు" అన్నాడు. అది చాలా చిన్న అంకె అని ఇద్దరికీ తెలుసు.

డొలోరెస్ లేచి నిలబడింది. "నా సూప్ లంచమా? లంచమిచ్చేవాళ్ళు కాస్త రుచిగా ఉండేదిస్తారు. నలభై ఏళ్ళుగా నువ్వొక్కడివే తాగుతున్నావు దాన్ని. ఎక్కడ ఆ మార్షలు? చూపించు."

చూపించే అవసరం లేకపోయింది. లొరెయిన్ అట్ట ఊపుకుంటూ జనాన్ని తోసుకుని వాళ్ళ దగ్గరికే వస్తోంది.

"ఎక్కడికి పోయావయ్యా? పదకొండు కావస్తోంది. మీ బ్యాండు వరుస కట్టదేం?"

"బ్యాండు లేదండీ. ఇరవై ముగ్గురం సస్పెన్షన్లో ఉన్నాం."

"ఎవరు చేశారు సస్పెండు?"

"మీరే కదా పేరు అడిగింది!"

"పేరడిగాను. నా ఫారంలో పేరు గడి ఖాళీగా ఉంటే పైవాళ్ళు ఊరుకోరు, అందుకడిగాను. నడవనివ్వద్దని నేనన్నానా? నువ్వటు వెళ్ళగానే ఆ న్యాయనిర్ణేత మిసెస్ హాస్కిన్స్ స్వయంగా వచ్చి ఉన్నదున్నట్టు చెప్పింది. ఎవరో పుంజు తనకి సూప్ ఇచ్చిందనీ, మీ బ్యాండుకి తన మార్కులు లెక్కలోకి తీసుకోవద్దనీ. మిగతా నలుగురి మార్కులే కలుపుతాం. ఆ సంగతి అక్కడితో అయిపోయింది."

"మరి మూడో నిబంధన? మరి ఆ ఇరవై ఇద్దరు?"

లొరెయిన్ అసోసియేషన్ పుస్తకం తెరిచి ఆయన ముక్కు ముందు పెట్టింది. "చదువు. విచారణ లేకుండా శిక్ష లేదు. రాతపూర్వకంగా మూడు రోజుల నోటీసు ఇవ్వాలి. ముగ్గురు సభ్యులు కూర్చుని చెప్పుకునేది పూర్తిగా వినాలి. తర్వాతే శిక్ష. తప్పు ఎంతో శిక్ష అంతే ఉండాలి. దాని మీద అప్పీలు కూడా ఉండాలి. రోడ్డు మీద ఈల ఊది ఎవణ్ణీ పీకెయ్యడానికి లేదు, నిన్ను నువ్వు పీకేసుకోడానికి కూడా లేదు. మీ వంతుకి ఇంకా ముప్ఫై నిమిషాలుంది."

బెర్నీకి సంతోషపడడానికి కూడా తీరిక లేకపోయింది. పీకేసిన పుంజులు ఊరంతా చెదిరిపోయి ఉన్నాయి. ఆయన ఒకవైపు, డొలోరెస్ మడత కుర్చీతో సహా ఇంకోవైపు పరిగెత్తారు. సాక్సఫోన్ వరుస ప్రెట్జెల్ దుకాణంలో దొరికింది. ఇంక నిబంధన లేదు కదా అని ఏడుగురూ రెండో సీసా వెతుక్కుంటున్నారు. డొలోరెస్ కుర్చీ మడిచి చూపించేసరికి సాక్సఫోన్లు ఎత్తుకున్నారు. బౌలింగ్ వీరులు, టోపీల దొంగలు బస్సు వెనక పేకాడుతూ దొరికారు. టెడ్డీ, మిగతా ముగ్గురు అకార్డియన్లవాళ్ళు చర్చి ముందు నిలబడి దొరికారు. కెప్టెన్ పలుంబోకు బూట్లు తొడగడానికి ఇద్దరు పట్టారు. ఆయన "నాకు అర్హత లేదు, లేదు" అంటూనే కాళ్ళు చాపాడు. పళ్ళ డాక్టరు రైలెక్కి వెళ్ళిపోయి ఉంటాడని బెర్నీ ఆశ వదులుకున్నాడు. కానీ ఆయన తోక సబ్‌వే స్టేషన్ గేటులో ఇరుక్కుని, పావుగంటగా ముందుకూ వెనక్కూ పోలేక అక్కడే నిలబడి ఉన్నాడు. ఆ పూట బెర్నీకి కలిసొచ్చిన మొదటి సంగతి అదే.

"నేను రావచ్చా? నేను సభ్యుణ్ణి కాదు కదా?" అన్నాడు డాక్టరు.

"విచారణ అయ్యేదాకా నువ్వు గస్‌వే. నడు" అన్నాడు బెర్నీ గేటు మీంచి ఆయన్ని లాగుతూ.

పదకొండున్నరకు అరవై నాలుగు పుంజులూ సిటీ హాలు ముందుకొచ్చాయి. కొన్నింటికి మొహం రంగు సగమే ఉంది. ఒకదాని తోక ఎడమకు వాలింది. సాక్సఫోన్ల దగ్గర బ్రాందీ వాసన. కానీ గంటసేపు వీళ్ళు ఇంక నడవలేమనుకుని ఉన్నారు. నడవలేమనుకున్నవాడికి నడవమంటే ఎలా నడుస్తాడో అలా నడిచారు. పళ్ళ డాక్టరు అడుగు తప్పలేదు. అసలు గస్ ఎప్పుడూ తప్పేవాడు. టెడ్డీ భయంతో మొట్టమొదటిసారి మెట్లు నిజంగానే నొక్కాడు. మూడు నొక్కితే రెండు తప్పు పలికాయి. పుంజు కూత అనుకుని జనం కేకలు పెట్టారు.

బెర్నీ మొదటి వరుసలో, కెప్టెన్ వెనకాల ఉన్నాడు. ఆయనకు సిటీ హాలు కనబడింది, పూర్తిగా, మెట్ల నుంచి గడియారం దాకా. మూల మీద కుర్చీ ఎక్కి నిలబడి చేతులూపుతున్న డొలోరెస్ కనబడింది. న్యాయనిర్ణేతల బల్ల దగ్గర నలుగురు రాసుకుంటున్నారు. ఐదో కుర్చీలో బూడిదరంగు కోటావిడ కలం మూత పెట్టేసి, చేతులు కట్టుకుని, ఎటూ మొగ్గకుండా కూర్చుని ఉంది. బల్ల కింద ఆవిడ బూటు మాత్రం పాటతో పాటు ఆడుతోంది. బెర్నీకి కడుపు నిండిపోయింది.

బ్యాండుకు ఐదో స్థానం వచ్చింది. పన్నెండు నుంచి ఐదు. రెండో వీధిలో ఆ రోజు ఎంత సంబరం జరిగిందో చెప్పనక్కర్లేదు. కానీ బెర్నీ మనసులో ఇరవై మూడు పేర్లు అలాగే ఉన్నాయి. మర్నాడే ఇరవై ముగ్గురికీ నోటీసులు రాశాడు, వాటిలో ఒకటి తనకు. పాత అలవాటు కొద్దీ అన్నీ తనే ఇంటింటికీ తిరిగి పంచాడు. తన నోటీసు తన తలుపు కింద నుంచి తోసి, లోపలికి వెళ్ళి తీసుకున్నాడు.

రెండో ఆదివారం మధ్యాహ్నం క్లబ్బులో విచారణ పెట్టారు. ముగ్గురు సభ్యులు కూర్చుని ఒక్కొక్కరిదీ పూర్తిగా విన్నారు. ఎంత తప్పుకు అంత శిక్ష వేశారు. ఏడాది పొడుగునా సాక్సఫోన్లన్నీ కడిగే పని కార్మైన్‌కు పడింది. టెడ్డీ, మిగతా ముగ్గురు తిత్తి లాగుడుగాళ్ళు ప్రతి మంగళవారం పాఠానికి రావాలి. బౌలింగ్‌కు వెళ్ళినవాళ్ళు ఆ సంగతి ఇంట్లో వాళ్ళే చెప్పుకోవాలి. అది అన్నిటికంటే పెద్ద శిక్ష అని సభ గొణిగింది. పళ్ళ డాక్టరుకు సభ్యత్వం ఇచ్చారు, గస్‌కు నడుం నొప్పి తగ్గాక జెండా మోసే పని ఇచ్చారు. కెప్టెన్ పలుంబో వేరే మంగలిని చూసుకోవాలి, లేదా గడ్డం పెంచుకోవాలి.

చివరికి బెర్నీ వంతు వచ్చింది. తన కేసు తాను విచారించకూడదు కాబట్టి, ఆయన కుర్చీలో పలుంబో కూర్చున్నాడు.

"నేను చెప్పుకునేదేం లేదు. ఏం వేసినా ఒప్పుకుంటాను. ఈ పదవి మాత్రం ఇవాళే వేరేవాళ్ళకి ఇచ్చేస్తున్నాను. నాకది చేతకాదని తేలిపోయింది" అన్నాడు బెర్నీ, నోటు పుస్తకం, ఈల బల్ల మీద పెట్టేస్తూ.

ముగ్గురు సభ్యులూ తలలు దగ్గర పెట్టుకుని చాలాసేపు గుసగుసలాడారు. వెనక బెంచీలో డొలోరెస్ అల్లిక ఆపి చెవులు రిక్కించింది. పలుంబో గొంతు సవరించుకుని లేచాడు.

"బెర్నీ, నీ తప్పు చిన్నది. కానీ తొందరపాటు పెద్దది. తొందరపాటు పోవాలంటే అభ్యాసం కావాలి. అందుకని ఇంకో మూడేళ్ళు క్రమశిక్షణ సంఘం అధ్యక్షుడిగా నువ్వే ఉండాలని ఈ విచారణ శిక్ష వేస్తోంది."

సభంతా చప్పట్లు కొట్టింది. చేతులు చల్లగా ఉన్నా బాగానే మోగాయి.

"ఇది అన్యాయం!" అన్నాడు బెర్నీ.

"అన్యాయమనుకుంటే అప్పీలు చేసుకో."

"ఎవరికి?"

పలుంబో నిబంధనల పుస్తకం తిరగేసి, వేలు పెట్టి చదివాడు. "క్రమశిక్షణ సంఘం అధ్యక్షుడికి."

బెర్నీ ఆ రోజే అప్పీలు రాశాడు. తనకు తానే మూడు రోజుల నోటీసు ఇచ్చుకున్నాడు. నాలుగో రోజు తను చెప్పుకున్నదంతా ఓపిగ్గా, పూర్తిగా విని కొట్టేశాడు.